నా కార్డు ఇచ్చేస్తే పాప పర్మిట్ ఏమవుతుంది?

ప్రశ్న: మేం జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. నేనిక్కడికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ముందు బ్లూ కార్డ్, అంటే ఉద్యోగ పర్మిట్, తర్వాత పీఆర్, అంటే శాశ్వత నివాస పర్మిట్. పౌరసత్వానికి నేనొక్కదాన్నే అప్లై చేశాను. మావారికీ పీఆర్ ఉంది కానీ, పొలాల సంగతి చూసుకోవాలి కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోనన్నారు. మా పాపకి 11 ఏళ్ళు. మా అమ్మ దగ్గర పెరిగి, మూడున్నరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది. నేను అప్లై చేసేనాటికి తను వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, అందుకని నా దరఖాస్తులో కలపొద్దన్నారు. నాలుగు నెలల కిందట తనకి విడిగా అప్లై చేశాం. ఇప్పుడు నాకు వచ్చే నెల సర్టిఫికెట్ తీసుకోవడానికి టెర్మిన్ (అపాయింట్‌మెంట్) ఇచ్చి, పర్మిట్ కార్డు వెంట తెమ్మన్నారు. పాప కార్డు గడువు ఇంకో నాలుగు నెలలే, పాస్‌పోర్టుది ఏడు నెలలు. తన కార్డు నన్ను చూసి ఇచ్చిందే కదా, నాది ఇచ్చేస్తే తనది చెల్లుతుందా? పౌరసత్వం ఎలాగూ వస్తుంది కాబట్టి మళ్ళీ రెన్యూ చేయకపోతే ఏం? రెండు నెలల్లో మా తమ్ముడి పెళ్ళి కూడా ఉంది. ముగ్గురం వెళ్ళి రాగలమా? పాప ఊరికే అడుగుతోంది, 'అమ్మా, నువ్వు జర్మన్ అయిపోతే నేను నీతో ఉండకూడదా' అని. నాకే తెలియనప్పుడు దానికేం చెప్పను?

జవాబు: పాపకి ఈ సాయంత్రమే చెప్పేయండి, నిక్షేపంగా ఉండొచ్చని. మీరు జర్మన్ అయ్యారని తన కార్డు రద్దు కాదు. కార్డు మీద ఏ తేదీ ఉందో ఆ తేదీ దాకా అది చెల్లుతుంది. నిజానికి మీరు పౌరురాలయ్యాక తన హక్కు ఇంకా గట్టిపడుతుంది. విదేశీయుల నివాస చట్టంలో 28వ సెక్షన్ అని ఒకటుంది. జర్మనీలో ఉంటున్న జర్మన్ పౌరుల పిల్లలు మైనర్లయి, పెళ్ళికానివాళ్ళయితే వాళ్ళకి పర్మిట్ 'ఇవ్వాలి' అంటుంది అది. ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి. మీ జీతం ఎంత, దాంతో ఇల్లు గడుస్తుందా అన్న లెక్క కూడా ఈ పర్మిట్‌కి అడ్డు రాదు. ఇన్నాళ్ళూ పాప ఒక విదేశీ ఉద్యోగిని కూతురు. వచ్చే నెల నుంచి జర్మన్ పౌరురాలి కూతురు. కాగితాల లోకంలో ఇది మెట్టు ఎక్కడమే.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ ప్రశ్న కాదు, దాని తర్వాతది. 'ఎలాగూ వస్తుంది కదా, రెన్యూ చేయకపోతే ఏం' అన్నారు చూడండి, అది. ఇదే మాట అనుకుని నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పాప పేరు మీద ఇప్పుడు రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి పౌరసత్వం ఆఫీసులో, ఇంకోటి విదేశీయుల ఆఫీసులో, అదే మనం నోరు తిరగక సగం మింగేసే ఔస్‌లెండర్‌బెహోర్డెలో. రెండూ ఒకే భవనంలో పక్కపక్క గదుల్లో ఉన్నా ఒకదాని గడువు ఇంకోదానికి పట్టదు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన దేశంలో ఉండే హక్కు రాదు. దరఖాస్తు నడుస్తోంది కదా అని కార్డు గడువు ఆగదు. పాప చేతికి, అంటే తన తరఫున మీ చేతికి, పౌరసత్వ సర్టిఫికెట్ వచ్చే నిమిషం దాకా చట్టం దృష్టిలో తను పర్మిట్ మీద ఉంటున్న భారతీయురాలే. ఆ పర్మిట్ ఒక్కరోజు కూడా ఎండిపోకుండా చూసుకోవడమే ఇప్పుడు మీ పని.

మా అబ్బాయి విషయంలో నేను అచ్చం మీలాగే అనుకున్నాను. నాకు సర్టిఫికెట్ వచ్చింది, వాడి ఫైలు నడుస్తోంది, ఇంక కార్డుతో పనేముందని దాన్ని సొరుగులో పడేశాను. వాడి స్కూలు వాళ్ళు పక్క దేశానికి ఐదు రోజుల ట్రిప్ పెట్టారు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం టీచర్ పిల్లల పత్రాల కాపీలు చూస్తూ ఫోన్ చేసింది. 'ఈ కార్డు అయిపోయి ఐదు వారాలైంది, మీ దగ్గర కొత్తది ఉందా?' అంది. లేదు. అప్పటికే వాడు బ్యాగు సర్దుకుని, దాని జిప్పుకి ఒక చిన్న టార్చిలైటు వేలాడదీసుకుని, గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున బస్సు వాడు లేకుండానే వెళ్ళింది. ఆ బ్యాగు విప్పడానికి వాడికి రెండు రోజులు పట్టింది, నాకు ఇప్పటికీ ఆ టార్చి కళ్ళముందు కనిపిస్తూ ఉంటుంది. తప్పు పూర్తిగా నాదే, ఏ ఆఫీసునీ అనడానికి లేదు.

తర్వాత పరుగులెత్తి రెన్యూ చేయించాం. పౌరసత్వం ఫైలులో ఆ ఐదు వారాల ఖాళీ గురించి ప్రశ్న వచ్చింది, వివరణ రాసిచ్చాం. అదృష్టం ఏమిటంటే, రెన్యువల్‌కి సకాలంలో అప్లై చేయకపోవడం వల్ల మాత్రమే వచ్చిన ఖాళీని లెక్కలోకి తీసుకోకూడదని పౌరసత్వ చట్టంలోనే ఉంది. కాబట్టి ఫైలు మునిగిపోలేదు. కానీ ఆ రెండు నెలల టెన్షన్ మీకు అక్కర్లేదు.

సరే, మీ విషయానికి వద్దాం. రెన్యువల్ దరఖాస్తు కంటే ముందు చేయాల్సింది పాప ఇండియన్ పాస్‌పోర్టు. చాలామంది ఇక్కడ వరస తప్పుతారు. పర్మిట్ గడువు పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు. ఏడు నెలలే మిగిలిన పాస్‌పోర్టు పట్టుకెళ్తే ఆ మిగిలిన కొద్ది నెలలకే కార్డు చేతిలో పెడతారు, మళ్ళీ అదే క్యూ, మళ్ళీ అదే ఫీజు. మైనర్లకి మన పాస్‌పోర్టు ఇచ్చేదే 5 ఏళ్ళకి కాబట్టి ఇది ప్రతి ఇంట్లో వచ్చే గొడవే. మీరుండేది బాడెన్ వ్యూర్టెంబెర్గ్ కాబట్టి మీకు మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్ వస్తుంది. మైనర్ పాస్‌పోర్టు దరఖాస్తుకి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ, ఇద్దరి పాస్‌పోర్టు కాపీలూ కావాలి. ఇవాళ మీ ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే, కాగితాలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి. వచ్చే నెల తర్వాత మీది సరిపోదు, అప్పుడు అదనపు ప్రశ్నలూ అదనపు కాగితాలూ. కాబట్టి ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి. కొత్త పాస్‌పోర్టు వచ్చాక పాతది పారేయకండి, కార్డు మారేదాకా రెండూ కలిపే ఉంచండి. నంబరు మారిందని రెండు ఆఫీసులకీ రెండు లైన్ల మెయిల్ పెట్టండి.

పర్మిట్ రెన్యువల్ దరఖాస్తు మాత్రం పాస్‌పోర్టు వచ్చేదాకా ఆపొద్దు. గడువుకి నాలుగు నెలలుంది కాబట్టి ఇప్పుడే ఆన్‌లైన్ ఫారంలోనో మెయిల్‌లోనో పెట్టేయండి. 'కొత్త పాస్‌పోర్టుకి అప్లై చేశాం, రాగానే పంపుతాం, తల్లి ఫలానా తేదీన పౌరసత్వం తీసుకుంటోంది' అని అందులోనే రాయండి. దరఖాస్తు అందినట్టు వచ్చే ఆటోమేటిక్ జవాబు ఉంటుందే, దాన్ని పీడీఎఫ్ చేసి దాచండి. అదే మీ ఆస్తి. ఎందుకంటే గడువు లోపల దరఖాస్తు పెడితే, ఆఫీసు నిర్ణయం తీసుకునేదాకా పాత పర్మిట్ చెల్లుతున్నట్టే లెక్క. నివాస చట్టంలోనే 81వ సెక్షన్ 4వ భాగం చెప్పేది అదే. దరఖాస్తు గడువు దాటిన మర్నాడు పెడితే మాత్రం ఆ రక్షణ దానంతట అది రాదు, అధికారి దయ మీద ఆధారపడుతుంది.

ఈలోగా కార్డు గడువు అయిపోతే తాత్కాలిక రుజువుగా ఒక మడత కాగితం ఇస్తారు, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అంటారు దాన్ని. మనవాళ్ళు ముద్దుగా ఫిక్షన్ అంటారు. ఆ కాగితం లోపల మూడు గడులుంటాయి. మూడో గడిలో టిక్ ఉంటే, అంటే 81వ సెక్షన్ 4వ భాగం కింద ఇచ్చిందైతే, దాంతో దేశం బయటికి వెళ్ళి తిరిగి రావచ్చు. పై రెండు గడుల్లో ఏదన్నా టిక్ అయి ఉంటే ఆ కాగితం నమ్ముకుని విమానం ఎక్కొద్దు. కౌంటర్ దగ్గరే విప్పి చూసుకోండి, తప్పు గడిలో టిక్ పడ్డ సందర్భాలు నేను చూశాను, అక్కడికక్కడే అడిగితే మార్చి ఇచ్చారు. ఇంకో సంగతి. చట్టం ఒప్పుకున్నా, మన ఎయిర్‌పోర్టుల్లో చెకిన్ కౌంటర్ అమ్మాయికి ఈ కాగితం గురించి తెలిసి ఉండాలని లేదు. అయిపోయిన కార్డు, ఫిక్షన్ కాగితం, పాస్‌పోర్టు మూడూ కలిపి చూపించాలి, ఓ అరగంట ముందు వెళ్ళాలి, ఓపిక ఇంటి దగ్గర మర్చిపోకూడదు.

ఇప్పుడు మీ టెర్మిన్ సంగతి. ఒక చిన్న పని చేసి చూడమంటాను. మీరు అప్లై చేసినప్పుడు పాప వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, అందుకే కలపలేదు. 16 ఏళ్ళ లోపు పిల్లల్ని తల్లితోనో తండ్రితోనో కలిపి పౌరులుగా తీసుకోవాలంటే సాధారణంగా 3 ఏళ్ళు ఇక్కడ ఉండి ఉండాలని చూస్తారు. పెద్దవాళ్ళకి కావలసిన 5 ఏళ్ళ నియమం పిల్లలకి పట్టదు. ఇప్పుడు పాప వచ్చి మూడున్నరేళ్ళు. అంటే ఆ అడ్డంకి తొలగిపోయింది. కాబట్టి మీ పౌరసత్వం ఫైలు చూసే అధికారికి మర్యాదగా ఒక మెయిల్ రాయండి. 'మా అమ్మాయి ఫైలు కూడా మీ దగ్గరే ఉంది, తను వచ్చి 3 ఏళ్ళు దాటింది, నా సర్టిఫికెట్‌తోపాటే తనదీ ఇవ్వడానికి వీలవుతుందా' అని అడగండి. ఒప్పుకోవాలని నియమం లేదు, వాళ్ళ విచక్షణ. కానీ అడగడానికి ఖర్చేమీ లేదు, పైగా ఖర్చు తగ్గుతుంది. తల్లితో కలిపి తీసుకుంటే సొంత ఆదాయం లేని పిల్లలకి ఫీజు 51 యూరోలు. విడిగా అయితే పెద్దవాళ్ళకి మల్లే 255. నాకు తెలిసినంతలో మనవాళ్ళు సగంమంది ఈ తేడా ఫీజు కాగితం వచ్చాకే చూస్తారు.

వాళ్ళు కుదరదంటే కంగారు లేదు. జర్మన్ తల్లి ఉన్న బిడ్డగా తన ఫైలు తన దారిన నడుస్తుంది. పాపకి పౌరసత్వ పరీక్ష, అదే ఆ 33 ప్రశ్నల పరీక్ష ఉండదు, బీ1 స్థాయి జర్మన్ భాషా సర్టిఫికెట్ అడగరు. వయసుకి తగ్గట్టు జర్మన్ వస్తే చాలు, దానికి స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టులే సాక్ష్యం. దరఖాస్తు మీద మీవారి సంతకం కూడా ఉండాలి, ఇద్దరికీ కస్టడీ ఉంది కాబట్టి. ఆయన ఇండియన్‌గానే ఉండటం దీనికి అడ్డు కాదు. అన్నట్టు ఆయన లెక్కని తేలిగ్గా తీసేయకండి. ఓసీఐ వాళ్ళు, అంటే వేరే దేశం పౌరసత్వం తీసుకుని మన దేశానికి జీవితకాల వీసా లాంటి కార్డు ఉన్నవాళ్ళు, మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి లేదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇంట్లో ఒక్కరైనా ఇండియన్ పాస్‌పోర్టుతో ఉండాలనుకోవడంలో అర్థముంది.

ఫైలు నడిచేటప్పుడు ఇల్లు మారే ఆలోచన ఉంటే కొన్నాళ్ళు వాయిదా వేయండి. జిల్లా మారితే ఫైలు కూడా మూటాముల్లే సర్దుకుని కొత్త ఆఫీసుకి పోతుంది, అక్కడ మళ్ళీ వరసలో చివర నిలబడుతుంది.

పెళ్ళి దగ్గరికి వస్తే, ఇక్కడ చిక్కు పాపది కాదు, మీది. పాప ఇండియన్ పాస్‌పోర్టుతో దర్జాగా దిగుతుంది, చెల్లే కార్డుతో తిరిగొస్తుంది. రెండు నెలల్లో పెళ్ళి, నాలుగు నెలల్లో గడువు, సమయం ఉంది. మీవారికీ ఏ ఇబ్బందీ లేదు. మీరు మాత్రం సర్టిఫికెట్ చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి భారతీయ పౌరురాలు కారు. జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలకీ ఒప్పుకుంటోంది కానీ, మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ఒప్పుకోదు. వేరే దేశం పౌరసత్వం తీసుకోగానే మనది పోతుంది, ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కర్లేదు. మీ ఇండియన్ పాస్‌పోర్టులో ఇంకా నాలుగేళ్ళ గడువున్నా సరే, దాంతో ప్రయాణం చేయకూడదు. 'ఒక్కసారికి ఏమవుతుందిలే, పెళ్ళికెళ్ళొచ్చాక సరెండర్ చేద్దాం' అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకరుంటారు. వినకండి. ఆ పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డ తేదీ, మీరు ఆ తర్వాత పెట్టే సరెండర్ దరఖాస్తులో కనిపిస్తుంది, జరిమానా కట్టాల్సి వస్తుంది.

అంటే టెర్మిన్ తర్వాత మీరు చేయాల్సినవి చాలానే ఉన్నాయి. సర్టిఫికెట్‌తో బ్యుర్గర్‌అమ్ట్‌కి, అంటే ఊరి పౌరసేవల ఆఫీసుకి వెళ్ళి జర్మన్ పాస్‌పోర్టుకి దరఖాస్తు ఇవ్వాలి. 24 ఏళ్ళు దాటినవాళ్ళకి 70 యూరోలు, ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఇంకో 32. మామూలుగా అయితే వారాలు, ఎక్స్‌ప్రెస్ అయితే రోజులు. ఆ పాస్‌పోర్టు వచ్చాక ఇండియాకి వీసా. ఓసీఐకి టైమ్ పడుతుంది కాబట్టి పెళ్ళికి ఈ-వీసా తీసుకోవడమే దారి. ఫారంలో గత జాతీయత అడిగినచోట ఇండియన్ అని నిజం రాయండి. ఈ మధ్యలో ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ కూడా పెట్టాలి. అన్నీ నెల రోజుల్లో. కుదరదని అనను, కానీ పెళ్ళివారింటి ఆడపడుచు పట్టుచీరల షాపింగ్ మానేసి బ్యుర్గర్‌అమ్ట్ వెబ్‌సైట్ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవాలి.

నేను మీ స్థానంలో ఉంటే టెర్మిన్‌ని పెళ్ళి తర్వాతకి మార్చమని అడుగుతాను. చాలామందికి ఇలా అడగొచ్చని తెలియదు, అడిగితే పౌరసత్వమే పోతుందేమోనని భయం. ఒక తేదీకి రాలేనని, ఇంకో తేదీ ఇవ్వమని అడగడం నేరం కాదు. మీ పీఆర్‌కి గడువు లేదు కాబట్టి ఈలోగా మీ స్థితికి వచ్చే ముప్పూ లేదు. ముగ్గురూ ఇండియన్ పాస్‌పోర్టులతో హాయిగా వెళ్ళొస్తారు. పైగా పాపని కలపమని మీరు పెట్టిన మెయిల్‌కి అధికారికి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఒకే మెయిల్‌లో రెండూ అడగండి. ఒకవేళ 'మళ్ళీ తేదీ ఇవ్వాలంటే ఆరునెలలు' అన్నారనుకోండి, అప్పుడు ఉన్న తేదీకే వెళ్ళండి, ఎక్స్‌ప్రెస్ పాస్‌పోర్టూ ఈ-వీసా దారి పట్టండి. వచ్చిన సర్టిఫికెట్‌ని కాలదన్నుకోవడం మంచిది కాదు, ఉద్యోగం లాంటివి ఈలోగా మారితే మళ్ళీ పరిశీలిస్తారు.

ఆ రెండో దారిలో వెళ్ళాల్సి వస్తే పాపకి ముందే ఒక మాట చెప్పండి. దిగాక ఇమ్మిగ్రేషన్ దగ్గర నాన్నా తనూ ఇండియన్ల వరసలో, అమ్మ విదేశీయుల వరసలో నిలబడాల్సి రావచ్చు. తిరుగు ప్రయాణంలో జర్మనీలో దిగాక తలకిందులు, అమ్మది చిన్న వరస, వాళ్ళది చాంతాడు. పిల్లలు ఇలాంటివి మనకంటే పట్టించుకుంటారు. తను మీతో వచ్చి నిలబడతానంటే అక్కడి అధికారిని అడగండి, కుటుంబమని చెబితే చాలాసార్లు ఒకే కౌంటర్‌కి రానిస్తారు. మీతో ఉండకూడదా అని పాప అడిగింది కాబట్టి ఇంత చెబుతున్నాను. అది అడిగింది చట్టం గురించి కాదేమో.

పెళ్ళయ్యాక పాపని అమ్మమ్మ దగ్గర కొన్నాళ్ళు వదిలి వద్దామని ఎవరైనా అంటారు, తప్పకుండా అంటారు. సెలవుల మేరకు ఫర్వాలేదు. కానీ వరసగా 6 నెలలు దేశం బయట ఉంటే పర్మిట్ దానంతట అదే రద్దయ్యే నియమం ఒకటుంది, బ్లూ కార్డ్ కుటుంబాలకి ఉండే వెసులుబాటు మీకిప్పుడు వర్తిస్తుందనుకోవద్దు. పైగా ఇక్కడ బడి మానిపించడం సొంత ఇష్టం కాదు, సెలవులు కాని రోజుల్లో తీసుకెళ్ళాలంటే స్కూలు నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి.

కార్డు అప్పగించే రోజు గురించి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఒక ప్రతిజ్ఞలాంటిది చదివిస్తారు, సంతకం పెట్టిస్తారు, చాలా ఆఫీసుల్లో అదే బల్ల మీద కార్డు తీసేసుకుంటారు. ఇచ్చేముందు దాన్ని రెండువైపులా స్కాన్ చేసుకోండి. దాంతోపాటు ఇచ్చిన ఆకుపచ్చ కాగితం ఉంటే అదీ, పాత బ్లూ కార్డ్ కాపీ ఉంటే అదీ. పాప ఫైలులో 'పాప వచ్చేనాటికి తల్లి ఏ పర్మిట్ మీద ఉంది' అని అడిగితే చూపించడానికి అవే ఉంటాయి. సర్టిఫికెట్ ఒరిజినల్‌ని లామినేషన్ చేయించకండి. ధ్రువీకరించిన కాపీలు రెండు మూడు తీసుకుని, మొదటి కాపీ పాప పౌరసత్వం ఫైలుకీ, రెండోది పాప పర్మిట్ ఫైలుకీ అదే వారంలో పంపండి. మీరు పౌరురాలయ్యారన్న సంగతి పాప పర్మిట్ ఫైలు దాకా దానంతట అది చేరుతుందని అనుకోవద్దు. 28వ సెక్షన్ కిందికి మార్చి రెన్యూ చేయమని అందులోనే అడగండి.

ఇంకొకటి. ఇది తెలుగువాళ్ళకి మరీ ముఖ్యం. జర్మన్ పౌరురాలయ్యాక పేరుని ఇక్కడి పద్ధతికి మార్చుకునే వీలుంటుంది, ష్టాండెస్‌అమ్ట్‌లో, అంటే పుట్టుకలూ పెళ్ళిళ్ళూ నమోదు చేసే ఆఫీసులో ప్రకటన ఇస్తే చాలు. ఇంటిపేరు ఖాళీగా ఉన్నవాళ్ళు, పొడుగాటి పేరు మొత్తం ఒకే గడిలో పడ్డవాళ్ళు దీనికోసం ఎదురుచూస్తుంటారు. మీ పాస్‌పోర్టులో పేరెలా ఉందో నాకు తెలియదు కానీ, మార్చుకోవాలని ఉంటే పాప ఫైలు తేలేదాకా ఆగండి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఒకలా, కొత్త జర్మన్ పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే, ఆవిడా ఈవిడా ఒక్కరేనని నిరూపించే కాగితం ఒకటి అదనంగా తిప్పాల్సి వస్తుంది. ఆగలేనంటే, పేరు మార్పు సర్టిఫికెట్ కాపీ అడగకముందే పాప ఫైలులో వేయండి. బర్త్ సర్టిఫికెట్ జర్మన్ అనువాదంలో అక్షరాలు పాస్‌పోర్టుతో సరిపోయాయో లేదో కూడా ఓసారి చూడండి. ఒక 'హెచ్' ఎక్కువైనందుకు నెలరోజులు ఆగిన ఫైలు మా ఇంట్లోనే ఉంది.

నెలలు గడిచినా పాప ఫైలు కదలకపోతే కోర్టుకెళ్ళొచ్చని కొందరు చెబుతారు. మూడు నెలలపాటు కారణం లేకుండా నిర్ణయం తీసుకోకపోతే కేసు వేసే వీలు చట్టంలో ఉన్న మాట నిజమే. అయితే పర్మిట్ చేతిలో ఉన్న 11 ఏళ్ళ పిల్లకి అంత తొందరేం లేదు. మూడు నెలలకోసారి మెయిల్ పెట్టడం చాలు.

ఆ రోజు వచ్చాక ఇదే తతంగం పాపకీ ఉంటుంది. కార్డు ఇచ్చేయాలి, ఇప్పుడు మీరు కష్టపడి రెన్యూ చేయించే ఇండియన్ పాస్‌పోర్టుని సరెండర్ చేయాలి, ఓసీఐకి పెట్టాలి. 2024 జనవరి నుంచి పిల్లల పాస్‌పోర్టు అని విడిగా ఇవ్వడం మానేశారు, తనకీ మామూలు జర్మన్ పాస్‌పోర్టే వస్తుంది, 6 ఏళ్ళకి. కొన్ని నెలల కోసం ఇండియన్ పాస్‌పోర్టుకి డబ్బు తగలేయడమా అని మీవారు అంటారేమో. అనొచ్చు. మా అబ్బాయి టార్చిలైటు సంగతి చెప్పండి.